పడవకి బొట్టు పెట్టని గవరమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున, అలలే జోలపాడే ఒక ఊరుండేదమ్మా. ఆ ఊళ్ళో ఇంటి ఆడది పసుపు రాసి బొట్టు పెడితేగానీ పడవ నీళ్ళలోకి దిగేది కాదు. ఆ ఊరికి పొలాల ఊరి పిల్ల గవరమ్మ కోడలిగా వచ్చింది.

ఆ ఏడు చేపలు తగ్గాయి. "తిమింగలాలే అన్నీ మింగేస్తున్నాయి" అన్నారు ఊరివాళ్ళు. అప్పుడు ఈటెలతో వెళ్ళి ఒకదాన్ని చంపారు. చేపలు పెరగలేదు. ఆ తర్వాత ఇంకోదాన్ని చంపారు. చేపలు ఇంకా తగ్గాయి. అయినా బుద్ధి రాలేదు చూడు!

అప్పుడు మూడోది వచ్చింది. మన వీధంత ఉంది! తల్లి పొట్టకి ఆనుకుని దాని పిల్ల. అది చిమ్మిన నీళ్ళు ఎండలో ముత్యాల్లా రాలుతుంటే గవరమ్మ రెప్ప వెయ్యలేదు.

"ముచ్చటపడకే. అది లేచినచోట నీళ్ళు ఎర్రబడి కంపు కొడతాయి. దాని పేడ!" అన్నాడు మొగుడు ఎల్లాజీ.

"మరి ఆ తర్వాత అక్కడేం దొరుకుతాయి?"

"అక్కడేనే, ఇదివరకు కవళ్ళ చేపలు గుంపులుగా పడేవి."

"అయ్యో రాత! మా ఊళ్ళో గొర్రెల మందని పొలంలో పడుకోబెడితే, ఆ ఎరువుకే వరి ఒత్తుగా లేస్తుంది. సముద్రానికి ఎరువేసేదాన్ని చంపేసి, పంటేదీ అని ఏడుస్తారా?"

నిజమేనమ్మా. ఆ ఎరువుకి నీళ్ళలో నలుసంత నాచు పెరుగుతుంది. నాచుని పురుగులు తింటాయి, పురుగుల్ని చేపలు తింటాయి.

"వరి నాటేదానికి సముద్రం సంగతేం తెలుసే?" అని ఊరంతా నవ్వింది.

తెల్లారి ఈటెలు పడవెక్కాయి. గవరమ్మ పసుపుగిన్నె వెనక్కి దాచి, "పెట్టను" అంది. ఎల్లాజీ బతిమాలాడు. "పెట్టను." ఊరిపెద్ద గుడ్లురిమాడు. "పుట్టింటికి పంపించేస్తాం!"

"పంపండి. పిల్లతల్లిని చంపే పడవకి నా చెయ్యి బొట్టు పెట్టదు."

అప్పుడు అత్త మసేనమ్మ గబగబా వచ్చి గిన్నె లాక్కుంది. ఇక పడవకి ఆవిడే పెట్టేస్తుందనుకున్నారు. ఆవిడ ఆ పసుపు తీసి కోడలి బుగ్గలకి రాసింది. నుదుట ఇంత బొట్టు పెట్టింది.

"నా కోడల్ని పంపేది ఎవడ్రా? రండి, చూస్తాను!"

అంతే! ఆడవాళ్ళంతా గిన్నెలు కొంగుచాటున పెట్టేసుకున్నారు. ఒక్క పడవా కదల్లేదు. తల్లీపిల్లా నీళ్ళు చిమ్ముకుంటూ అక్కడే తిరిగాయి.

చేపలు వెంటనే రాలేదమ్మా. కొన్నాళ్ళు గంజే తాగారు. అయినా ఏ ఇల్లాలూ ఈటెల పడవకి బొట్టు పెట్టలేదు. ఆ తర్వాత, ఆ ఎర్రనీళ్ళ చోటే, కవళ్ళు వెండిలా మెరుస్తూ లేచాయి.

కథ వెళ్ళింది కంచికి,
తల్లీపిల్లా నడికడలికి,
నువ్వూ నేనూ మంచానికి!