గేరు మీద తువ్వాలు

అప్పలస్వామి మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఆగి ఉన్న కారు గురించి ఆయన నోరు విప్పరు. కుర్రతనంలో మద్రాసు దగ్గర రేసుల్లో కార్లు తోలిన మనిషి. ఆ తర్వాత విశాఖపట్నంలో డ్రైవింగు స్కూలు పెట్టి సగం ఊరికి స్టీరింగు పట్టడం నేర్పారు. కార్ల సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. అయినా కొత్త కారు తెచ్చి ఎదురుగా నిలబెట్టి, "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగితే, "నిలబడి ఉందమ్మా," అంటారు. అడిగినవాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకోనీ, అంతకు మించి మాట రాదు.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు గేరు మార్చేటప్పుడు రోడ్డు వదిలేసి కిందకి చూస్తారు. చూడొద్దని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఆయన ఓ రోజు భుజం మీది తువ్వాలు తీసి గేరు రాడ్డు మీద కప్పేశారట. అప్పటినుంచి ఆ స్కూల్లో అదే పద్ధతి. చెయ్యి తువ్వాలు కింద దూర్చి, కనపడని గేరును వెతుక్కుంటూ నేర్చుకోవలసిందే. ఇప్పుడు బళ్ళూ లారీలూ తోలే మగధీరులంతా ఆ తువ్వాలు కింద చెమటలు కక్కినవాళ్ళే. తారిణి కూడా అలా నేర్చుకున్న పిల్లే.

తారిణి కార్ల మీద వీడియోలు చేస్తుంది. వింత ఏమిటంటే ఆ వీడియోల్లో కారు ఉండదు. పేరున్నవాళ్ళకే షోరూముల వాళ్ళు కార్లిస్తారు, కారు నడిపితేనే పేరొస్తుంది. మధ్యలో ఆ పిల్ల ఏం చేస్తుంది పాపం? కంపెనీవాళ్ళు రాసింది చదివి, వాళ్ళూ వీళ్ళూ అన్నది విని, అతుకులు వేసి చెప్పేది. "కారెక్కకుండా తీర్పు చెప్పే జడ్జీగారొచ్చారు" అని చూసినవాళ్ళ వెటకారం. ఇంట్లో అన్నయ్యకి ఓపిక అయిపోయింది. స్నేహితుడి బీమా ఆఫీసులో చెల్లెలి కోసం ఒక సీటు అట్టే పెట్టించాడు. ఈసారి వీడియో కూడా ఎవరూ పట్టించుకోకపోతే మారు మాట్లాడకుండా వెళ్ళి ఆ సీట్లో కూర్చుంటానని తారిణి మాట ఇచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ఒక షోరూము మేనేజరుకి ఏం బుద్ధి పుట్టిందో గాని, ఊళ్ళోకి కొత్తగా దిగిన స్పోర్టీ సెడాన్ తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళి షోరూము తెరిచే వేళకి తిరిగి అప్పజెప్పాలి. వీడియో ఆ సాయంత్రమే రావాలి. ముందురోజు రాత్రి తారిణి కంటి మీద కునుకు పడితే ఒట్టు.

ఆదివారాలు లాసన్స్ బే దగ్గర ఊళ్ళోని కార్ల పిచ్చివాళ్ళంతా పోగవుతారు. నేరేడుపండు రంగులో నిగనిగలాడుతూ ఆ కారు వచ్చి ఆగేసరికి గుంపంతా దాని చుట్టూ మూగింది. ఎంత గుంపైనా, గొంతు చించుకునేవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకరు పళ్ళ డాక్టరు గజపతిరాజు, రెండోవాడు పోర్టులో పనిచేసే ఫిరోజ్.

"ఏటీ ముఖం?" అన్నాడు డాక్టరు కారు ముందు గొంతుక్కూచుని. "గ్రిల్లు చెవుల దాకా ఇకిలించీసింది. వారమంతా నేను చూసే నోళ్ళు చాలవా, ఆదివారం కూడా ఇదే చూడాలా?"

"ఎదురుగా కూచుని నోట్లోకి చూస్తే అలాగే ఉంటాది సార్. ఇటు రండి," అని ఫిరోజ్ ఆయన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కొచ్చాడు. "పైకప్పు కాడినుంచి డిక్కీ దాకా ఆ గీత చూడండి. ఎక్కడైనా తెగిందా? చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో గీసీసినట్టు లేదూ?"

"గీత బాగుందయ్యా. వెనక కూచున్నోడి నెత్తి సంగతేటి? విప్పి డిక్కీలో పెట్టుకోవాలా?"

నవ్వులు అయ్యాయో లేదో గేర్ల మీద పడ్డారు. అసలు గొడవంతా అక్కడే ఉంది. ఆ కారు రెండు రకాలుగా వస్తోంది. ఒకటి చేత్తో గేర్లు మార్చుకునే మాన్యువల్, రెండోది తనంతట తానే మార్చుకుపోయే ఆటోమేటిక్. తారిణికి ఇచ్చింది మాన్యువల్.

"గేరు మన చేతిలో ఉంటేనే కారు మనది," అన్నాడు డాక్టరు. "ఆటోమేటిక్ అంటే ఏటి? మన కారులో మనమే ప్యాసింజర్లం."

"రోజూ గాజువాక ట్రాఫిక్కులో క్లచ్ తొక్కి చూడండి, మీ పళ్ళు మీరే పీకీసుకుంటారు. పైగా ఈ మాన్యువల్ మూడో గేరులోంచి రెండులోకి రమ్మంటే మొరాయిస్తోందంట. అందరూ అంటన్నారు."

"ఎవరా అందరూ? క్లచ్ తొక్కడం రానోళ్ళు!"

ఇంతా చేసి, వాళ్ళిద్దరిలో ఒక్కరు కూడా అప్పటికి ఆ కారు తలుపు తీసి చూడలేదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. తారిణి కెమెరా గేరు రాడ్డు మీదినుంచి కదలకూడదు. మూడులోంచి రెండులోకి వచ్చేటప్పుడు ఆమె చెయ్యి తడబడిందా లేదా అన్నది కళ్ళతో చూస్తే గాని నమ్మమన్నారు. తారిణి బుద్ధిగా ఫోను తెచ్చి గేరు రాడ్డుకి ఎదురుగా బిగించింది. బిగించింది గాని తీర్పు ఎటు చెప్పినా చిక్కే. గేరు బాగుందంటే ఫిరోజ్ తరఫువాళ్ళు తిడతారు, బాగులేదంటే డాక్టరు తరఫువాళ్ళు తిడతారు. అటూ ఇటూ కాకుండా చెబితే ఎవరూ చూడరు. అప్పుడిక బీమా ఆఫీసే గతి.

మాస్టారు కాస్త దూరంలో గోడ మీద కూర్చుని సముద్రం వంక చూస్తున్నారు. తారిణి వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"మాస్టారూ, ఇద్దరూ కార్ల సంగతి తెలిసినవాళ్ళే. డాక్టరు గారు చెబుతుంటే అదే నిజమనిపిస్తోంది, ఫిరోజ్ అన్నయ్య చెబుతుంటే ఇదే నిజమనిపిస్తోంది. నేను ఎవరి మాట పట్టుకోవాలి?"

ఆయన గోడ దిగి చెప్పులు వేసుకున్నారు. "నాకు ఆకలేస్తోందమ్మా. భీమిలి పోయి ఇడ్లీ తినొద్దాం పద."

అది జవాబా అంటే కాదు. కానీ మాస్టారు పద అన్నాక ఎదురు చెప్పడం ఆ పిల్లకి ఏనాడూ అలవాటు లేదు. ఫోనులో రికార్డింగు నొక్కి, స్టీరింగు ముందు కూర్చుని, బట్టీ పట్టి ఉంచుకున్న మాటలు పెదాల మీదకి తెచ్చుకుంది. పక్క సీట్లో కూర్చున్న మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి, పాతికేళ్ళ అలవాటు కొద్దీ గేరు రాడ్డు మీద కప్పారు. తారిణి చెయ్యి కూడా పాత అలవాటు కొద్దీ తనంతట తానే ఆ తువ్వాలు కిందకి దూరింది. కారు కదిలింది.

బట్టీ పట్టిన మాటలు తెన్నేటి పార్కు దాకా పెదాల మీదే ఉన్నాయి. అక్కడ రోడ్డు కొండ పక్కగా వంపు తిరిగి పైకి ఎక్కుతుంది, కుడివైపున ఒక్కసారిగా సముద్రమంతా తెరుచుకుంటుంది. ఆ ఎత్తు మీద కారు ఊపిరి బిగబట్టి, "ఊఁ, ఇంకా?" అన్నట్టు ముందుకు లాగింది. తారిణికి ఒళ్ళు ఝల్లుమంది. "నమస్కారం, ఈరోజు మనం..." అని మొదలుపెట్టబోయిన వాక్యం అక్కడే ఎక్కడో జారి పడిపోయింది. ఆమె వెనక్కి వెళ్ళి వెతుక్కోలేదు.

రుషికొండ దాటారు. రోడ్డు ఒకసారి సాపుగా సాగుతోంది, ఒకసారి మెలి తిరుగుతోంది. ప్రతి మెలికకీ కారు ఆమె అనుకున్నచోటికి ఆమె అనుకున్న క్షణానికి వెళ్ళి వాలుతోంది. మంగమారిపేట దగ్గర మేకల మంద ఒకటి చెప్పాపెట్టకుండా రోడ్డు మీదకి దిగింది. తారిణి బ్రేకు తొక్కింది, తువ్వాలు కింద చెయ్యి ఏదో చేసింది, కారు ముక్కు కాస్త వంచి నెమ్మదించింది. చివరి మేకపిల్ల తోక ఆడించుకుంటూ రోడ్డు దాటీ దాటగానే మళ్ళీ చెంగున లేచింది. తారిణి పగలబడి నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. అంత సంతోషం ఎప్పుడో చిన్నప్పుడు, మొదటిసారి సైకిలు వెనక పట్టుకున్నవాళ్ళు వదిలేసిన రోజున కలిగింది, మళ్ళీ ఇప్పుడు.

భీమిలిలో ఇడ్లీ బండి దగ్గర మాస్టారు నెమ్మదిగా నమిలి తింటున్నారు. తారిణి ప్లేటు చేత్తో పట్టుకుని కారుకి ఎదురుగా నిలబడింది. ఎండ ఏటవాలుగా పడి, ఫిరోజ్ చెప్పిన ఆ గీత పైకప్పు నుంచి కిందదాకా మెరుస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె ఇడ్లీని చట్నీలో కాక పక్కనున్న మంచినీళ్ళ గ్లాసులో ముంచింది. మాస్టారు చూశారు. ఇంకో ఇడ్లీ వేయించుకున్నారు.

తిరిగి వచ్చేసరికి గుంపంతా ఎదురొచ్చింది. ఇంజను ఆగీ ఆగకముందే డాక్టరు కిటికీలోంచి తల దూర్చాడు.

"చెప్పమ్మా, మూడులోంచి రెండు?"

"గుర్తులేదండీ."

"గుర్తులేదేటి? క్లచ్ బరువుగా ఉందా, తేలిగ్గా ఉందా?" అన్నాడు ఫిరోజ్ అటువైపు నుంచి.

"అదీ... గుర్తులేదు అన్నయ్యా."

ఆ మాట పైకి అన్నాక గాని తను ఏం చేసి వచ్చిందో ఆ పిల్లకి తెలిసిరాలేదు. ఇన్నాళ్ళకి చేతికొచ్చిన కారు. వెళ్ళింది, వచ్చింది, ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఫోనులో ఉంటుంది, అంతా ఫోనులో ఉంటుంది," అంటూ ఊడబెరికి చూసింది.

ఫోనులో తువ్వాలు ఉంది. మొదటినుంచి చివరిదాకా, నీలం అంచు తెల్ల తువ్వాలు. దాని కింద ఏదో అటూ ఇటూ కదులుతోంది. అంతే.

తారిణికి ఏడుపొక్కటే తక్కువ. డాక్టరూ ఫిరోజూ మాత్రం ఊరుకుంటారా? ఫోను లాక్కుని దాని మీదకి వంగారు. "అదిగో, అంచు వెనక్కి జరిగింది, అది రెండే!" అన్నాడు డాక్టరు. "అది నాలుగు. ముడత చూడండి, ముడత!" అన్నాడు ఫిరోజ్. తువ్వాలు ముడతల మీద ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళే. అంతలో ఫోనులోంచి మేకల అరుపు వినిపించింది. ఇంజను గొంతు తగ్గింది, ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ లేచింది. దాని వెంటనే తారిణి నవ్వు. బట్టీ పట్టిన గొంతు కాదు. ఎవరైనా వింటున్నారన్న ధ్యాసే లేని నవ్వు.

డాక్టరు ముఖంలో తెలియకుండానే నవ్వు పాకింది. ఫిరోజ్ గొంతు సవరించుకుని, "ఓపాలి తాళాలిస్తావా చెల్లీ? ఈ మలుపు దాకా ఎల్లొచ్చేస్తాను," అన్నాడు. "ముందు నేనడగాలనుకున్నాను!" అని డాక్టరు అప్పటికే డ్రైవరు తలుపు పట్టుకున్నాడు. మాన్యువల్ వద్దన్నవాడూ, ముఖం బాగులేదన్నవాడూ తలుపు దగ్గర ఒకర్నొకరు తోసుకున్నారు.

"ఎవరికీ లేదు, షోరూముకి ఇచ్చెయ్యాలి," అంది తారిణి నీరసంగా. ఫోను తీసుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది. "చూశారా మాస్టారూ? గేరు లేదు, క్లచ్ లేదు, డిజైను మీద ఒక్క మాట లేదు. ఒక తువ్వాలూ, నా పిచ్చి నవ్వూ. ఇదెవరికి చూపించను? రేపు వెళ్ళి బీమా ఆఫీసులో కూర్చోవడమే. పొద్దున్న అడిగినదానికి మీరైనా జవాబు చెప్పారా? ఎవరి మాట పట్టుకోవాలో చెప్పండంటే ఇడ్లీ అన్నారు."

మాస్టారు కారులోకి వంగి గేరు మీది తువ్వాలు తీశారు. ఒకసారి దులిపి భుజాన వేసుకున్నారు.

"ఆ నవ్వు ఎవర్నడిగి నవ్వావమ్మా?" అన్నారు.