తల్లికి తప్పిన చోటు: సమాధిశుద్ధి వ్రతకథ

అక్షతలు చేత బుచ్చుకొని, పిల్లలను ఊరకుంచి వినుడు.

పూర్వము తృణకేతుడను ముని శంఖపాద మహామునిని చేరి, చనిపోయినవారు మట్టిలో కలిసిరి గదా, వారి రాతిపై గడ్డి పెరిగిన నేమి, పెరుగకున్న నేమి యని యడిగెను. శంఖపాదుడు నిట్టూర్చి యిట్లు చెప్పెను.

కుందూనది యొడ్డున నొక నేతగాండ్ర పల్లె కలదు. వారు తమవారిని పూడ్చి, పైన నొక రాయి నిలిపి, దానిపై మగ్గమున అటునిటు పరుగిడు నాడె బొమ్మ చెక్కింతురు. పేరు వ్రాయరు. ఎవరి రాయి యేదో పెద్దలు చూపగా పిన్నలు నేర్వవలయును. భార్యను భర్త యెడమప్రక్కన పెట్టుట వారి యాచారము. వానలు వెనుకబట్టినాక, పెద్దల అమావాస్యకు ముందు, కలుపు తీసి, రాయి కడిగి, సున్నము పూయుట వారి వ్రతము.

ఆ పల్లెలో చెన్నబసప్పయను నేతగాడుండెను. అతని పసితనమున తండ్రి సంగప్ప పోయినది మొదలు తల్లి వీరనాగమ్మయే యేటేట పోయి ఆ రాయి కడిగెను. మోకాళ్లు పట్టుకొనిపోయిన పిమ్మట ఆమె కొడుకుతో, "నాయనా, నన్ను బండెక్కించుకోని పా. మీ నాయన రాయి సూపిస్తా. పక్కన నాకు సోటు పెట్టుకోని నాలుగు గుర్తురాళ్లు పాతినా" అనెను. ఈ చీర మగ్గము దిగనిమ్మని అతడు చెప్పెను. చీర దిగెను, మరియొకటి యెక్కెను. మరుసటి యేడును తల్లి యడిగెను, కొడుకు చీర మాటయే చెప్పెను. మూడవయేట ఆమె యడుగుట మానెను. పోరు తప్పినదని అతడు సంతసించెను! కడుపున పుట్టినవాని బుద్ధి చూచితిరా.

నాలుగవయేట శ్రావణమున వీరనాగమ్మ కాలము చేసెను. మోసుకొనిపోయి చూతురుగదా, ఊరివారును పనులమీదపడి వ్రతము మానియుండుటచే ముండ్లకంప నిలువెత్తు పెరిగి రాళ్లన్నిటిని మూసివేసెను. ఒక ముసలివాడు ఇక్కడనెను, ఇంకొకడు అక్కడనెను. ప్రొద్దు వాలుచుండెను, వానయు పట్టెను. తోచినచోట కంప నరికి, కనబడిన రాతికి ఎడమప్రక్కన ఆమెను పూడ్చిరి.

అది మొదలు అతని మగ్గము సాగదాయెను. పడుగు తెగెను, రంగు నిలువదాయెను, బేరగాండ్రు ముఖము చాటువేసిరి. భార్య ఈరమ్మ ఒకనాడు విసిగి, "ముందు పోయి ఆ కంప కొట్టు. అత్త యాడుందో, మామ యాడున్నాడో సూసిరా" అనెను. అతడు కత్తి బుచ్చుకొని పోయి, తమవి పరాయివి యనక ఒక్కొక్క రాతినే వెలికి దీసి కడిగెను. తొమ్మిదవనాడు తూర్పుమూల నొక రాయియు, దాని యెడమప్రక్కన నాలుగు గుర్తురాళ్లును, వాని నడుమ ఖాళీచోటును కనబడెను. తల్లి అక్కడికి నలువది అడుగుల దూరమున, ఎవరివాడో తెలియని పరాయివాని ప్రక్కన నుండెను. చెన్నబసప్ప ఆ ఖాళీచోట కూలబడి వలవల నేడ్చెను. పూడ్చినవారిని మరల త్రవ్వరాదు. చేతులు కాలినాక ఆకులు పట్టుకొన్నట్లాయెను.

నాటినుండి అతడు ఏటేట తల్లికిని తండ్రికిని నడుమనున్న నేలనంతయు గడ్డిపరక లేకుండ చెక్కి, దారిలోని రాళ్లన్నిటికిని సున్నము పూసెను. మగ్గము మరల ఆడెను, ఇల్లు నిండెను. ఆ నలువది అడుగులు మాత్రము తరుగలేదు.

కావున తృణకేతా, తల్లిదండ్రులను పోగొట్టుకొన్నవారు, ఊరు విడిచి మరలివచ్చినవారు, పనులు తెమలక పెద్దలను మరచినవారు ఈ వ్రతము చేయవలయును. దిక్కులేని రాతిని కడిగినవారికి రెట్టింపు ఫలము. చేసినవారికి పాడియు పంటయు సంతానమును కలుగును. పోయిన దినము మాత్రము ఏ వ్రతముచేతను తిరిగిరాదని శంఖపాదుడు చెప్పి, కన్నులు తుడుచుకొనెను.

కథ ముగిసినది. అక్షతలు శిరసున వేసికొనుడు. ఇంట ముసలితల్లి యున్నవారు ప్రసాదము తరువాత తిందురుగాని, ముందామెను పెద్దల రాళ్లకడకు తీసికొనిపొండు.