కొత్త కోట

పాత కోటలంటే ప్రాణమైన రాజుగారు పల్లకిలో ఊరూరా తిరుగుతున్నారు. ఆయన చెప్పందే బోయీలు పల్లకి దించకూడదు. దారిలో బోయీ సింగన్న ఊరొచ్చింది. యాత్రకు బయల్దేరాక పుట్టిన కూతురిని అతనింకా కళ్ళారా చూడలేదు.

"ఈ ఊళ్ళో చూడ్డానికేముందిరా?" రాజుగారు తెర తొలగించారు.

"ఏలినవారు కోటలన్నీ కూలిపోయాకే చూశారు," అన్నాడు సింగన్న. " ఇక్కడొకటి ఇప్పుడే లేస్తోంది ప్రభూ! మళ్ళీ వస్తే ఇలా ఉండదు."

"అయితే దించండి!"

సింగన్న గుడిసె గుమ్మంలో అతని భార్య నూకాలు ఒడిలో పాపాయి ఆవులించింది. సింగన్న చూపు తిప్పుకోలేకపోయాడు.

"కోటేదిరా దొంగా?"

"ఇదే దొరా. మొన్న అమావాస్యకే పునాది పడింది."

రాజుగారు పాపాయి వైపు అలాగే చూస్తూ, "ఇంత చిన్నదాన్ని చూడ్డానికి ఒక్కపూట చాలదు. గుడారాలు వెయ్యండి!" అన్నారు.