దాలెమ్మ కోయని కోడిపుంజు

ఏలూరులో పరుపులు కుట్టుకుని బతికే జమాల్‌వలి ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉంది. ఎవరేం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని పురమాయిస్తారు, లేకపోతే ఎక్కడికో పంపిస్తారు. సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుని ఖురాన్‌కు అర్థం చెప్పించుకునే పదిమందిలో షంషాద్‌కు ఆ అలవాటంటే ఒళ్ళు మంట. ఇరవై ఏడేళ్ళ మనిషి. కాలేజీలో చరిత్ర పాఠం చెబుతుంది, మిగిలిన పొద్దంతా ధర్నాల్లో మైకు పట్టుకుంటుంది. వాయిదా వేయడం పాలకుల పని, గురువులు కూడా అదే చేస్తే ఇక జనం ఎవరి దగ్గరికి పోవాలి అంటుంది.

ఆ రోజు ఆమె వచ్చీ రాగానే, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా అడిగింది.

"ఉస్తాద్ గారూ, ఎవరినీ ఏమీ బతిమాలుకోనక్కర్లేని చోటు ఈ భూమ్మీద ఒక్కటైనా ఉందా? నాలుగు రోజులు చాలు నాకు."

ఆ ప్రశ్న వెనక నెల రోజుల కోపం ఉంది. ఒక సభలో మాట్లాడుతుండగా ఆమె గొంతు పూర్తిగా పోయింది. మేడం, కాస్త రెస్ట్ తీసుకోండి అన్నారు పిల్లలు. షంషాద్ విశ్రాంతిని కూడా ఉద్యమంలాగే మొదలుపెట్టింది. నోటుపుస్తకం తొలి పేజీలో 'విశ్రాంతి భిక్ష కాదు, హక్కు' అని రాసి కింద రెండు గీతలు గీసింది. తర్వాతి పేజీలో కోరికల పట్టిక. కొండల మధ్య సరస్సు. ఒంటరితనం. హలాల్ భోజనం. మనిషి అడగదగ్గవి మూడే మూడు. వాటికోసం ఇరవై మూడు లాడ్జీలకు ఫోన్ చేసింది.

"హలాల్ లేదు మేడం, చికెన్ ఉంది" అన్నాడొకడు. "ప్యూర్ వెజ్ మేడం, మీకేం భయం లేదు" అన్నాడు ఇంకొకడు. "ఒక్కరేనా? మీవారు రారా? మీవారితో ఒకసారి మాట్లాడించండి" అన్నాడు మూడోవాడు. మరొకచోట పెద్దపెద్ద అక్షరాలతో హలాల్ బోర్డు ఉంది, కానీ ఒంటరి ఆడవాళ్ళకు గది ఇవ్వరట. నీళ్ళకు, గాలికి, నిశ్శబ్దానికి కూడా టికెట్ పెట్టిన ఈ వ్యాపారం, మనిషికి అన్నం పెట్టే ముందు మతం, మొగుడు, మర్యాద మూడూ తనిఖీ చేస్తుంది. ఇదంతా ఆమె చెబుతున్నంతసేపూ ఉస్తాద్ పరుపు మూల కుడుతూనే ఉన్నారు. చివరికి సూది దూదిలో గుచ్చి, ఒక కాగితం ముక్క మీద ఫోన్ నంబర్ రాసి ఇచ్చారు.

"దాలెమ్మ అని, పాడేరు అవతల ఉంటుంది. అడిగి చూడమ్మా."

దాలెమ్మ కొండదొర తెగ మనిషి. పెదమడుగు సరస్సు ఒడ్డున ఇంటి పక్కనే రెండు రేకుల గదులు వేసి వచ్చేపోయేవాళ్ళకు అద్దెకిస్తుంది. "హలాలంటే ఏటేటి సెయ్యాలమ్మా?" అని అడిగింది ఫోన్‌లో. షంషాద్ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చింది. కత్తి పదునుగా ఉండాలి, ప్రాణికి ముందు నీళ్ళు పట్టాలి, దేవుడి పేరు పలకాలి, కోసే చెయ్యి మా వాళ్ళదే అవ్వాలి. అవతల మనిషి అంతా విని, "అలాగే తల్లీ, నువ్వు సెప్పినట్టే జరుగుతాది" అంది. షంషాద్ పట్టికలో మూడో అంశం ఎదురుగా టిక్కు పెట్టింది. ఒక్కసారైనా ఈ దేశం తన షరతులకు ఒప్పుకుందనుకుంది.

గురువారం మధ్యాహ్నం చేరింది. సరస్సు ఎంత అందంగా ఉందో అంత అసహనం కలిగింది ఆమెకు. వరండా స్తంభానికి ఎర్రటి కోడిపుంజు కట్టేసి ఉంది. అది కూడా ఆమెలాగే ఒక చోట నిలవడం లేదు. ఆ పూట రాగిపిండితో కాచిన చోడి అంబలి, పప్పు, ఏదో ఆకుకూర పెట్టింది దాలెమ్మ. మర్నాడు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నిశ్శబ్దం అని ప్రణాళికలో రాసుకుంది కదా, నీళ్ళ ఒడ్డున కూర్చుంది. ఆ నిశ్శబ్దం పదకొండు నిమిషాలు నిలిచింది. తర్వాత నీళ్ళలో తేలుతున్న చిప్స్ ప్యాకెట్ల మీద కలెక్టరుకు అర్జీ మనసులోనే తయారైంది. దాని వెనకే కొండల్ని అమ్ముకునేవాళ్ళ మీద ఒక కరపత్రం. తెచ్చుకున్న పుస్తకంలో ఒకే పేజీ నాలుగుసార్లు చదివింది. లేచి నడిచింది, మళ్ళీ కూర్చుంది. విశ్రాంతి తీసుకోవడంలో తాను ఓడిపోతున్నానన్న భయం మొదలైంది.

పదకొండు గంటలకు దాలెమ్మ ఇత్తడి గిన్నెలో నీళ్ళు, సానరాయి, కత్తి తెచ్చి వరండాలో పెట్టి నూరడం మొదలుపెట్టింది.

"అయ్యో, దాని కళ్ళెదుట నూరకూడదండీ" అంది షంషాద్.

"చూసినావా, నీకెంత తెలుసో! ఇంద, రా మరి."

"నేనా?"

"నాను కోస్తే నువ్వు తినవు కదేటి."

షంషాద్ చుట్టూ చూసింది. "ఇక్కడ ముస్లింలు ఎవరూ లేరా?"

"ఉన్నావు కదమ్మా, నువ్వు."

"మా ఆడవాళ్ళు కొయ్యరు" అంది షంషాద్.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది. మసీదులో చోటు, ఆస్తిలో వాటా, వీధిలో నడిచే హక్కు, అన్నిటికీ గొంతు చించుకున్న మనిషి. ఇంట్లో ఎప్పుడూ అబ్బాజాన్ కోడిని పెరట్లోకి తీసుకుపోయేవాడు, కాసేపటికి అమ్మ చేతికి గిన్నె వచ్చేది. ఆ మధ్యలో ఏం జరిగేదో షంషాద్ ఎన్నడూ చూడలేదు, ఎన్నడూ అడగలేదు.

దాలెమ్మ పగలబడి నవ్వింది. "మా ఇంట్లో నానే కోస్తాను. మా ఆయనకి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నీ ఫోన్ వచ్చిన కాడి నుంచి ఈ పుంజును నాను ముట్టలేదు తల్లీ. ఆ పిల్ల వచ్చి కోస్తాది, ఒకే కుండలో వండుకుని అందరం తిందాం అని ఇంట్లో అందరికీ సెప్పీసినాను."

పప్పు చాలు, వదిలేయండి అనే మాట షంషాద్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒకే కుండ అన్న మాట దాన్ని ఆపేసింది. ఇన్నేళ్ళూ ఎక్కడికి వెళ్ళినా తన కోసం వేరే గిన్నె, వేరే గరిటె, వేరే మూల. ఇక్కడ ఒక ఇల్లు ఇల్లంతా తన నియమానికి ఒప్పుకుని కూర్చుంది. ఇప్పుడు తను వద్దంటే, వేరే గిన్నె అడుగుతున్నది తనే అవుతుంది.

ఫోన్ సిగ్నల్ ఒడ్డున ఉన్న ఒక్క బండ మీదే వస్తుంది. షంషాద్ అక్కడికి పరిగెత్తింది.

"ఉస్తాద్ గారూ, ఆడదాని చేతి కోత చెల్లుతుందా?"

"చెల్లుతుందమ్మా."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం మీరు?"

"నువ్వు అడగలేదు."

కోపంతో ఫోన్ పెట్టేసింది. వందల ఏళ్ళుగా దాచిపెట్టారు, మీరు కూడా వాళ్ళలో ఒకరే అనుకుంటూ బండ దిగింది. నాలుగడుగులు వేసేసరికి ఆ కోపం దేనికీ పనికి రాకుండా పోయింది. అడ్డుగా ఉన్న ఆచారం తొలగిపోయింది. ఇక ఎదురుగా ఉన్నవి కత్తి, కోడి, ఆమె చెయ్యి. ఆ మూడింటి మీద తిరగబడడానికి ఏ నినాదమూ దొరకలేదు.

దాలెమ్మ రెక్కలు కలిపి పట్టుకుంది. షంషాద్ గిన్నెలోని నీళ్ళు పుంజు ముక్కుకు తాకించింది. అది రెండు గుక్కలు తాగింది, నమ్మకంగా. నమాజు దిక్కు పడమర ఎటో చూసుకుని మెడ మీద వేళ్ళు వేసింది. ఈకల కింద ఆ వేడి, ఆ కొట్టుకోవడం! ఇన్నాళ్ళూ కూరలో తిన్నది ఇదా అనుకుంది. వేలమంది ముందు మైకులో మోగే గొంతుతో బిస్మిల్లా అనబోయింది. పక్కనున్న దాలెమ్మకు కూడా వినపడనంత సన్నగా వచ్చింది ఆ మాట.

"ఆపకు" అంది దాలెమ్మ. "ఆపితే దానికి బాధ."

ఆమె ఆపలేదు.

"అయిపోయిందా? కళ్ళు తెరవొచ్చా?" అని ఇంటి వెనక నుంచి దాలెమ్మ మొగుడు కేకేశాడు.

మధ్యాహ్నం అందరూ ఒకే కుండ చుట్టూ కూర్చున్నారు. మొదటి ముద్దను షంషాద్ నీళ్ళతో మింగింది. రెండోది మామూలుగానే దిగింది. తర్వాత సరస్సు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళి కడుక్కుంది. మిగిలిన రెండు రోజులూ పప్పూ ఆకుకూరా తింది, దాలెమ్మ అవే వండి పెట్టింది. షంషాద్ ఆ రెండు రోజులూ నోటుపుస్తకం తెరవలేదు.

సోమవారం సాయంత్రం ఉస్తాద్ దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ తన కుడిచేతిని తనే చూసుకుంటూ ఉంది.

"ఎవరినీ బతిమాలుకోనక్కర్లేని చోటు అడిగితే నన్ను కత్తి దగ్గరికి పంపారు. నాకు ప్రశాంతత దొరకలేదు ఉస్తాద్ గారూ. కోసినందుకు గర్వపడాలో తెలియదు. కోయకుండా లేచిపోయి ఉంటే సిగ్గుపడేదాన్నో లేదో తెలియదు. రేపటి నుంచి మాంసం ముట్టగలనో లేదో అదీ తెలియదు. ఇంతకీ నేను చేసింది ఒప్పా, తప్పా? ఈసారైనా వాయిదా వేయకండి."

ఉస్తాద్ చేతిలోని సూది ఆగింది. ఆయన దాన్ని దూదిలో గుచ్చి ఆమె ముఖం వైపు చూశారు.

"దాలెమ్మ ఆ కత్తి ఒకప్పుడు నా చేతికీ ఇచ్చింది తల్లీ. నేను కోయలేక, అక్కడున్న పదకొండు రోజులూ పప్పే తిన్నాను."