కిటికీ పక్క బెంచీ

ఇట్లా దగ్గరికి రండి పిల్లలూ. చాప చాలనివాళ్లు అరుగు మీద కూర్చోండి. ఆ ఫోను పక్కన పెట్టు నాయనా, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. వెనకున్నవాళ్లకు నా మాట వినపడుతోందా? వినపడకపోతే ఇప్పుడే చెప్పండి, ముందుకు జరుగుతాను.

సరే. హరనాథ్ అనే సారుకు ఒక చిక్కు వచ్చింది. తన తరగతిలో ఒక పిల్ల తనను మోసం చేస్తోందని అతని అనుమానం.

నాపరాళ్ల గనుల పక్క ఊళ్లో హైస్కూలు అది. హరనాథ్ అక్కడే చదువుకుని, ఆ బడికే సైన్సు సారుగా వచ్చాడు. ఇంకా మంచి ఊరు దొరికినా వద్దన్నాడు. తనకు చదువు చెప్పిన దస్తగిరి సారు ఆ బడికి హెడ్మాస్టరు గనక.

దస్తగిరి సారు తక్కువ మాటల మనిషి. లెక్క తప్పితే తిట్టేవాడు కాదు, సుద్దముక్క చేతికిచ్చి పక్కన నిలబడేవాడు. బోర్డు నిండా రాసి, ఆ తర్వాత మెల్లగా నడుచుకుంటూ చివరి బెంచీ దాకా వచ్చి బోర్డు వైపు తిరిగి కాసేపు నిలబడడం ఆయన అలవాటు. ఆయన చెప్పుల చప్పుడు దగ్గరికి రాగానే చివరి బెంచీలో చింతగింజల ఆట ఆగిపోయేది. హరనాథ్ ఆ బెంచీవాడే.

ఒక ఏడాది బడికి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. హరనాథ్ ఎండాకాలం సెలవుల్లో దగ్గరుండి గదికి సున్నం వేయించాడు, వైర్లు లాగించాడు. ఏదీ కింద పడకూడదని ఒక్కోదాన్నీ ఇనప పట్టీతో బెంచీకి తన చేత్తోనే బిగించాడు. మనిషి గుండె ఎట్లా కొట్టుకుంటుందో, అందులో కవాటాలు ఎట్లా తెరుచుకుని మూసుకుంటాయో ఆ గదిలో పిల్లలు కళ్లారా చూశారు. ఇంటికి పోయి, గని నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పిడికిలి బిగించి విప్పి చూపించారు. అది చిన్న సంగతేమీ కాదు.

పాఠం కాగానే తెర మీద ప్రశ్నలు వచ్చేవి. ఎవరు ఏ జవాబు నొక్కారో హరనాథ్ బల్ల మీది ల్యాప్‌టాప్‌లో అప్పటికప్పుడు తెలిసిపోయేది. అందరి తెరలూ చిన్న చిన్న గళ్లుగా అందులోనే కనపడేవి. లేచి తిరిగే పనే లేదు. కుర్చీ కదలకుండా మన కడుపులో ఏముందో కూడా చెప్తాడు ఈ సారు, అని పిల్లలు నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే హరనాథ్‌కు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ గళ్లలో ఒకటి తేడాగా నడవడం మొదలుపెట్టింది. అది నాగవేణిది. తొమ్మిదో తరగతి. దసరా సెలవుల దాకా బాగా చెప్పిన పిల్ల, చలికాలం వచ్చేసరికి అన్నీ తప్పులే నొక్కుతోంది. నోటితో అడిగితే చెప్తుంది. తెర మీద మాత్రం ఏదో ఒకటి. ఒకరోజు చున్నీ తల మీదుగా లాగి, ల్యాప్‌టాప్ మీద కూడా కప్పుకుని, గుడారంలో దూరినట్టు కూర్చుంది.

పెళ్లికూతురు ముసుగేసింది సార్, అన్నారెవరో. గదంతా ఘొల్లుమంది. చున్నీ లోపల ఫోను దాచి చూస్తోందని హరనాథ్ తేల్చుకున్నాడు. కుర్చీలోంచే అడిగాడు. ఫోను లేదంది పిల్ల. మరి ముసుగెందుకంటే చున్నీ తీసి భుజాన వేసుకుంది. మర్నాడూ అదే ముసుగు. మీ నాన్నను తీసుకురా అన్నాడు.

నాన్న పుల్లన్న గనిలో బండలు కోస్తాడు. మధ్యాహ్నం పని వదిలేసి, కనుబొమల మీద తెల్ల దుమ్ముతో అట్లాగే వచ్చాడు. హెడ్మాస్టరు కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాప ఫోనుల దారి పట్టిందంటే ఇంక చదువొద్దు సార్. రేపట్నించి వాళ్లమ్మతో బండలు ఎత్తను పంపిస్తా. చెప్పండి, ఇప్పుడే పిల్చకపోతా."

దస్తగిరి సారు అతన్ని వరండాలో కాసేపు ఉండమని, హరనాథ్ వైపు తిరిగాడు. ఆ పిల్ల ఎప్పుడైనా ఏమైనా అందా అని అడిగాడు.

"మొదట్లో ఒకసారి కనపడట్లేదు సార్ అంది. ఆమె తెర నా ముందే ఉంది కదా సార్, అక్షరం అక్షరం తెలుస్తోంది. నాకు ఇక్కడి నుంచి బాగానే కనపడుతోంది, నువ్వు సరిగ్గా చూడు అన్నాను. కళ్లకు లోపమేం లేదు. బోర్డు మీదది ఎంత దూరం నుంచైనా చదువుతుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ అనలేదు సార్."

దస్తగిరి సారు లేచాడు. ఇద్దరూ ల్యాప్‌టాప్‌ల గదికి వెళ్లారు. పిల్లలు లేచి నిలబడ్డారు. సారు నాగవేణిని తన దగ్గరికి పిలిచి, హరనాథ్ కుర్చీలో తాను కూర్చున్నాడు.

"హరనాథా, నువ్వు పోయి ఆ అమ్మాయి బెంచీలో కూర్చో. నిన్నటి మొదటి ప్రశ్న చదువు."

పిల్లల ముందు ఇదేమిటని హరనాథ్‌కు మొహం ఎర్రబడింది. అయినా చెప్పింది గురువు. వెళ్లి కిటికీ పక్క బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు, తెరలోకి వంగాడు.

అక్కడ ప్రశ్న లేదు. కిటికీ ఉంది. దాని చువ్వలున్నాయి. వాటి వెనక, వాలిన చలికాలపు ఎండకు మండుతున్న నాపరాళ్ల గుట్ట ఉంది. మధ్యలో నల్లగా ఒక తల. అది తన తలే.

మూత ముందుకు వంచాడు. సూర్యుడే తెరలోకి వచ్చాడు. వెనక్కి వంచితే తెల్లటి మెరుపు తప్ప ఇంకేం లేదు. పక్కకు తిప్పబోయాడు. ఇనప పట్టీ కదలలేదు. గట్టిగానే బిగించాడు మరి.

"చదువు హరనాథా."

అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఒక మాట కనపడి మాయమైంది. నుదుటికి చెమట పట్టింది. జేబులోంచి చేతిరుమాలు తీసి తల మీద పరుచుకుని, దాని అంచు తెర మీదకు లాగి, లోపలికి వంగాడు. ఆ కాస్త చీకట్లో అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం..." అని చదవడం మొదలుపెట్టి, ఆగిపోయాడు.

రుమాలు మెల్లగా తీశాడు. ఎవరూ నవ్వలేదు. నాగవేణి తన కాలివేళ్లు చూసుకుంటూ నిలబడి ఉంది. దస్తగిరి సారు బల్ల మీది గళ్లలో చూస్తూ, గొంతు పెంచకుండా అన్నాడు.

"నాకు ఇక్కడి నుంచి బాగానే కనపడుతోంది."

హరనాథ్ లేచి వరండాలోకి వెళ్లాడు. పుల్లన్న తలగుడ్డ చేతిలో పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. పాప దగ్గర ఫోను లేదనీ, తప్పు తనదేననీ హరనాథ్ చెప్పాడు. సారు తప్పు చేయడమేమిటో పుల్లన్నకు అర్థం కాలేదు. ఒక్కటే అడిగాడు.

"అయితే రేపు పాపను బడికి పంపొచ్చా సార్?"

హరనాథ్ తలూపాడు. పుల్లన్న గుడ్డ తలకు చుట్టుకుని గని వైపు నడిచాడు.

లోపలికి వచ్చేసరికి నాగవేణి ఇంకా బల్ల దగ్గరే ఉంది. నేనెక్కడ కూర్చోవాలి సార్, అని మెల్లగా అడిగింది. హరనాథ్ తన కుర్చీ చూపించాడు.

సాయంత్రం బడి వదిలాక దస్తగిరి సారు గదికి తాళం వేయడానికి వచ్చాడు. హరనాథ్ నేల మీద మోకాళ్లూని, స్క్రూడ్రైవరుతో కిటికీ పక్క బెంచీ పట్టీ విప్పుతున్నాడు. సారు తలుపు దగ్గర నిలబడ్డాడు. హరనాథ్ తలెత్తకుండా అన్నాడు.

"సార్, మీరు బోర్డు రాశాక చివరి బెంచీ దాకా వచ్చి నిలబడేవాళ్లు. మా అల్లరి పట్టుకోవడానికే వస్తున్నారని అనుకునేవాళ్లం."

దస్తగిరి సారు తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మీ అల్లరి బోర్డు దగ్గరికే కనపడేదిరా."

హరనాథ్ స్క్రూడ్రైవరు పట్టుకుని లేచి పక్క బెంచీలో కూర్చున్నాడు, ఆ తెరలోకి వంగాడు.

అంతే కథ. ఏం, అట్లా చూస్తున్నారు? పొయ్యిల మీంచి అన్నాలు దిగి ఉంటాయి. పోండి, వేడిగా ఉండగానే తినండి. వెనకవాళ్లు ముందు లేవండి.