గవరమ్మ గీత

అనగనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఊయల్లో కేరుతున్న కాలాన, ఏటి ఒడ్డున ఒక కంచరివీధి ఉండేది. ఆ వీధిలో ఇత్తడి గిన్నెలు చేసేవాళ్లు పదిమంది. వాటిని తోమేది మాత్రం ఒక్కతే, గవరమ్మ. నా అన్నవాళ్లు లేని మనిషి. కొత్త గిన్నెని చింతపండుతో రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచి, అద్దంలా చేసి ఇచ్చేది. పేరు చేసినవాడికొచ్చేది, గవరమ్మకి గుప్పెడు గింజలొచ్చేవి. లోకం తీరు ఎప్పుడూ అంతే కదా!

ఒకసారి రాణిగారు ఆ పదిమందిలో ఒకడైన అప్పలాచారికి గంగాళం పురమాయించారు. "అందులో నా ముఖం కనబడాలి. గీత పడిందా, నీ కొలిమి ఆర్పిస్తాను" అని కబురు. ఆచారి మూడు నెలలు కొట్టాడు. గవరమ్మ మూడు రోజులు తోమింది. గంగాళం తళతళలాడింది.

ఆచారి కొత్త కోడలు కామాక్షి వడ్రంగి ఇంటి పిల్ల. కొత్త ఇత్తడికి ఇసుక తగలకూడదని ఆమెకి తెలీదు. మామగారి మెప్పు పొందాలని, గంగాళం పంపాల్సిన రోజు పొద్దున్నే ఇసుక వేసి గుండ్రంగా బరబరా తోమేసింది. కడిగి చూస్తే ఏముంది? ఒళ్లంతా గీతలే.

గవరమ్మ వచ్చేసరికి పిల్ల కూలబడి ఏడుస్తోంది.

"మామ్మా, మామగారి కొలిమి నా సేతుల్తోనే ఆర్పేసినాను. నన్ను పుట్టింటికి తోలేస్తారు."

"ఊరుకోయే పిల్లా! నానే తోమినానని సెప్తాను. నన్ను తోలెయ్యడానికి నాకు పుట్టిల్లుందేటి?"

గవరమ్మ గంగాళం చుట్టూ మూడుసార్లు తిరిగింది. మళ్లీ అద్దం చేయాలంటే మూడు రోజులు కావాలి. రాణిగారి బండి మధ్యాహ్నానికే వస్తుంది. గీతల్ని వేలితో తడిమింది. గీతలుండడం కాదు, తలో దారీ పోవడమే తప్పనిపించింది.

కొబ్బరి పీచు అందుకుంది. మొదట జల్లించిన ఇసుక. పైనుంచి కిందికి, ఒకే దారి. తర్వాత ఇటుక పొడి. పైనుంచి కిందికి, ఒకే దారి. ఆఖరికి బూడిద. పైనుంచి కిందికి, ఒకే దారి. వేళ్లు చిట్లినా చెయ్యి పక్కకి తిప్పలేదు.

ఆచారి వచ్చి చూసి నెత్తి బాదుకున్నాడు. "కొంప ముంచేసినావే గవరమ్మా!" అని నోటికొచ్చినట్టు తిట్టాడు.

"నానే సేసినాను బాబూ. రాణిగారి కాడికి నన్నే తీస్కెళ్లు" అంది గవరమ్మ.

కోటలో గంగాళం దించారు. ముఖం కనబడలేదు. దువ్విన జుట్టు మీద జారినట్టు వెలుగు దాని మీద నున్నగా జారుతోంది. రాణిగారు వంగి, దాన్ని వేలితో పైనుంచి కిందికి తడిమారు.

"ఇన్నాళ్లూ గంగాళంలో నన్ను నేనే చూసుకున్నాను. గంగాళాన్ని ఇవాళే చూశాను. ఇలాంటివే ఇంకో మూడు చెయ్యండి" అన్నారు.

కొలిమి నిలిచింది. గవరమ్మ మాత్రం అసలు సంగతి బతికున్నన్నాళ్లూ బయటపెట్టలేదు. ఎంత గొప్ప మనసో చూడండి! ఆమె పాడె లేచే వేళ కామాక్షి వీధి మధ్యకొచ్చి నిజం చెప్పి భోరుమంది. అప్పలాచారి తన తిట్లు తలుచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ వీధికి కొత్త కోడలొస్తే, అత్తగారు కొత్త చెంబూ కొబ్బరి పీచూ చేతికిచ్చి "పైనుంచి కిందికి, ఒకే దారి" అని నేర్పుతుంది. అంతకన్నా ముందు చెంబు బోర్లించి, అడుగున ఇసుకతో గుండ్రంగా ఒక్క గీత గీయిస్తుంది.

"ఇది నీ బదులు గవరమ్మ తిన్న తిట్టు. ఇంక గీత పడిందని ఈ ఇంట్లో నిన్నెవులూ ఏటీ అనరు" అంటుంది.