బూడిద చల్లిన దారి

సన్యాసం తీసుకున్నాక రిగ్జిన్ మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

అంతకుముందు అతను లారీ డ్రైవరు. లడఖ్ కొండదారుల్లో ఏళ్ల తరబడి తిరిగినవాడు. ఒక చలికాలం లారీ మంచుగడ్డ మీద జారి బండరాయిని గుద్దింది. రిగ్జిన్‌కు గీత కూడా పడలేదు. పక్కన కూర్చున్న స్నేహితుడికి మాత్రం కాలు పోయింది. ఆ స్నేహితుడు అతణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే రిగ్జిన్‌ను మఠం దాకా తరిమింది.

మఠానికి పెద్ద లామా తుప్‌స్తన్. ముసలాయన, మోకాళ్ల నొప్పుల మనిషి.

"గురువుగారూ, ధ్యానానికి కూర్చుంటే ఆ లారీ ఇంకా జారుతూనే ఉంటుంది. ఎప్పటికి ఆగుతుంది?" అని రిగ్జిన్ ఆయన్ని చాలాసార్లు అడిగాడు. ఆయన పూర్తిగా వినేవాడు. విని, వేడి టీ పోసి ఇచ్చేవాడు.

ఆ ఏడాది చలి బాగా ముదిరింది. గిన్నెలో పోసిన నీళ్లు చూస్తుండగానే పొర కట్టేవి. ఒకనాడు పొద్దు పొడుస్తుండగా కింది ఊరి రైతు నమ్‌గ్యాల్ రొప్పుతూ వచ్చాడు. భార్యకు నొప్పులు వస్తున్నాయి, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పింది. ఆస్పత్రి కొండకు అవతల ఉంది. చుట్టుపక్కల బండి అంటూ ఉన్నది మఠం వాళ్ల పాత జీపు ఒక్కటే. దాన్ని నడిపే సన్యాసి లేహ్ వెళ్లి, దారి మూసుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు.

లామా తాళంచెవి తెచ్చి రిగ్జిన్ చేతిలో పెట్టాడు.

"నావల్ల కాదు గురువుగారూ. ఈ చలికి దారంతా గడ్డకట్టి ఉంటుంది."

లామా తాళంచెవి వెనక్కి తీసుకుని, అంగీ పైకెత్తి పట్టుకుని, జీపెక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక సైకిలు కూడా తొక్కినవాడు కాదు.

"ముందు ఏది నొక్కాలి నాయనా?" అన్నాడు. వేళాకోళానికి అడిగినట్టు లేదు.

రిగ్జిన్ జీపు తలుపు తెరిచాడు. "మీరు దిగండి," అన్నాడు.

తాళం తిప్పితే ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఆ మూలుగు కూడా సన్నబడింది. పక్కన నమ్‌గ్యాల్ చేతులు నులుముకుంటున్నాడు. రిగ్జిన్ ఇంకోసారి తిప్పబోతుంటే లామా అతని చేతి మీద చెయ్యి వేశాడు.

"ఆగు. దానికి చలేస్తోంది."

లోపలికి వెళ్లి తన గదిలోని కుంపటి మోసుకొచ్చాడు. ఆ గదికి ఉన్న వెచ్చదనమంతా అదే. మంచులో మోకాళ్లూని నిప్పులు సమంగా సర్ది, కుంపటిని ఇంజను కిందికి నెట్టాడు. ఒంటి మీది ఉన్ని శాలువా తీసి బానెట్ మీద కప్పాడు. తర్వాత అక్కడే కూర్చుని, ఇంజను అడుగున మాటిమాటికీ చెయ్యి ఆనించి చూస్తూ ఉన్నాడు. చలికి పెదవులు నల్లబడుతున్నా కదల్లేదు. ఈలోగా రిగ్జిన్ మంచులో పట్టు కోసం చక్రాలకు గొలుసులు బిగించాడు.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు చివరికి.

బండి దగ్గింది, వణికింది, అందుకుంది. లామా కుంపటితో సహా రిగ్జిన్ పక్క సీట్లోకి ఎక్కాడు.

ఊళ్లో ఆగి నమ్‌గ్యాల్ భార్యను వెనక సీట్లో పడుకోబెట్టారు. కొండ అవతలి వైపు దిగుడు మొదలయ్యేచోట రిగ్జిన్ బండి ఆపేశాడు. ముందున్న మలుపంతా మంచుగడ్డ నున్నగా మెరుస్తోంది. ఎడమ పక్క లోయ. 

"గొలుసులున్నా జారుతుంది గురువుగారూ," అన్నాడు.

లామా దిగాడు. కాళ్ల దగ్గర పెట్టుకున్న కుంపటి చంకనెత్తుకుని జీపు ముందుకొచ్చాడు. నిప్పులారిన బూడిద గుప్పిళ్లతో తీసి మంచు మీద చల్లుతూ నడవడం మొదలుపెట్టాడు. దారి మధ్యలో, సరిగ్గా బండికి ఎదురుగా.

వెనక సీట్లోంచి నమ్‌గ్యాల్ భార్య మూలుగు వినిపించింది. రిగ్జిన్ మొదటి గేరు వేశాడు. బ్రేకు జోలికి పోలేదు. ముసలాయన అడుగు వేస్తే చక్రం ఒక అడుగు కదిలింది. ఆయన నెమ్మదిస్తే బండీ నెమ్మదించింది. ఒకచోట వెనక చక్రం పక్కకు జారింది. రిగ్జిన్ స్టీరింగ్‌ను మెల్లగా సర్దుకున్నాడు. చక్రం బూడిదను పట్టుకుని నిలబడింది.

చక్రం జారినప్పుడు గొలుసులు కిర్రుమన్న చప్పుడు లామాకూ వినపడే ఉంటుంది. ఆయన తల తిప్పలేదు. ఇంకో గుప్పెడు బూడిద తీసి చల్లాడు.

మలుపు దాటారు. ఆస్పత్రి చేరారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, తల్లి కూడా క్షేమం.

గురుశిష్యులిద్దరూ ఆస్పత్రి మెట్ల మీద ఎండలో కూర్చున్నారు. లామా వేలిసందుల్లోని బూడిదను తీరిగ్గా దులుపుకుంటున్నాడు. 

"గురువుగారూ, ఒక్కసారైనా వెనక్కి చూస్తారేమో అనుకున్నాను. బండి జారితే ముందు మీ మీదికే వచ్చేది."

లామా అతని వైపు తిరిగాడు. ఈ మాత్రం తెలియదా అన్నట్టుంది ఆయన చూపు.

"నడిపింది నువ్వు కదా," అన్నాడు.